వలందులు లేని వలందపాలెం

సముద్రం చూడకుండా అరవైనాలుగేళ్లు బతికినవాణ్ణి నేను. ఇందులో నా గొప్పా లేదు, తప్పూ లేదు. మాది ముదిగుబ్బ. మద్దిలేటిలో నీళ్లు పారితే చూడటానికి ఊరంతా గట్టుమీదికి వచ్చే దేశం మాది. అటువంటివాణ్ణి, ఈ ఆరుద్ర కార్తెలో, బందరు కోనేరు సెంటరులో చేతిలో ఒక చీటీ పట్టుకొని నిలబడ్డాను.

మా అమ్మాయికీ అల్లుడికీ బందరులోనే ఉద్యోగాలు. నన్ను పట్టుబట్టి రప్పించడంలో వాళ్ల అసలు ఉద్దేశం నేను రైలు దిగిన రాత్రే బయటపడింది.

"నాయనా, ఆ నాలుగెకరాలూ అమ్మేసి ఇక్కడికొచ్చేయి. మూడేండ్లుగా పెట్టిన విత్తనం గూడా తిరిగి రాలేదు గదా. బోరు చూస్తే ఎండిపాయ. అమ్మ గూడా లేదు. ఇంక ఎవరికోసం ఆ రాళ్లల్లో పడుండేది?" అంది అమ్మాయి.

అల్లుడు మంచివాడు. ఏమీ అనకుండా మజ్జిగ పోసుకొన్నాడు.

"రెండు దినాలు ఆలోచన చేసుకోనీమ్మా" అన్నాను. అంతకంటె ఏమంటాను? అమ్మాయి చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

మర్నాడు పొద్దున్నే వాళ్లు ఆఫీసులకు బయలుదేరారు. మనుమరాలు బడికి పోతూ పోతూ నోటుపుస్తకంలోనుంచి ఒక కాగితం చింపి, "తాతా, ఇంట్లో కూచుంటే నీకు తోచదు. ఇవి చూసిరా" అని నాలుగు పేర్లు రాసి ఇచ్చింది. పరాసుపేట, ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, కోట. ఎవరినైనా తోడు పెట్టుకొమ్మన్నాడు అల్లుడు. తోడువచ్చి వివరాలు చెప్పేవాళ్లంటే నాకు భయం. ఒకప్పుడు ఒక ఊళ్లో అటువంటివాడొకడు, కనబడిన ప్రతి రాతితొట్టీ రాణిగారు జలకమాడినదే అంటూ వచ్చి, చివరకు గుర్రాలు నీళ్లు తాగే తొట్టిని కూడా వదలలేదు. అందుచేత ఒంటరిగానే నడిచాను.

పరాసులంటే ఫ్రెంచివాళ్లు. వలందులంటే హాలండువాళ్లు, అంటే డచ్చివారు. ఇంగ్లీషుపాలేనికి అర్థం చెప్పనక్కరలేదు. ఎక్కడెక్కడి దేశాలవాళ్లనో మనవాళ్లు మన నోటికి తిరిగేటట్టు మార్చుకొని, చివర ఒక పాలేన్నో పేటనో తగిలించి, తమ ఊళ్లో కలిపేసుకొన్నారు. కాని ఆ పేర్లు చూసి ఏ మేడలో, మిద్దెలో కనబడతాయనుకొని పోయినవాడు మోసపోతాడు. నేనూ మోసపోయాను. పరాసుపేటలో కూరల బండ్లు, మోటారు సైకిళ్లు, గేటుమీద ఆరవేసిన తువ్వాళ్లు. ఇంగ్లీషుపాలెంలో ముగ్గులు. వలందపాలెంలో ఒక కిళ్లీకొట్టు ముందు సోడా తాగుతూ అడిగాను, "ఈ వలందులంటే ఎవరయ్యా?" అని.

"తెలవదండీ బాబాయిగారూ. ఎవరిదన్నా ఇంటిపేరేమో. ఈ వీధిలో మాత్రం ఆ ఇంటిపేరుగలవాళ్లెవరూ లేరండీ" అన్నాడు కొట్టతను, సీసాలు సర్దుకొంటూ.

డచ్చివారి ఓడలు ఇక్కడికి వచ్చింది 1605లో. ఇంగ్లీషువారి గ్లోబు అనే ఓడ వచ్చింది 1611లో. మన తూర్పుతీరంలో ఇంగ్లీషువారు మొట్టమొదట కొట్టు తెరిచింది ఈ ఊళ్లోనే. అప్పటికి చెన్నపట్నమనేది లేదు. గోలకొండ సుల్తానులకు ఇదే సముద్రద్వారం. ఫ్రెంచివారు 1669లో వచ్చారు. వీళ్లందరూ వచ్చింది ప్రధానంగా గుడ్డకోసం. కరక్కాయ నీళ్లలో ముంచి, పటికతో అచ్చుకొట్టి, చిరివేరుతో ఎర్రరంగు వేసిన మన అద్దకపు గుడ్డను తూర్పుదీవులకు పట్టుకుపోయి, దానికి బదులు లవంగాలూ జాజికాయలూ కొనుక్కొనేవారు. ఈ నాటికీ పక్కనున్న పెడనలో కొయ్య అచ్చులతో ఆ కలంకారీ అద్దకం సాగుతున్నది. మా ధర్మవరం మగ్గాల చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి కనుక, గుడ్డకోసం ప్రపంచం చుట్టివచ్చారంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. నేసినవాడికి ఏం మిగిలిందో ఆ లెక్క మాత్రం ఎవరూ చెప్పరు.

కోట ఊరికి ఎడంగా ఉంది. ఎండ కంటె ఉక్క ఎక్కువ. మా ఎండ మాడుస్తుంది గాని ఇలా ఉడకబెట్టదు. 1759 ఏప్రిలులో ఫోర్డు అనే కర్నలు రాత్రివేళ మీదపడి ఫ్రెంచివారినుంచి పట్టుకొన్న కోట ఇదే. బురదనేల మధ్య ఇప్పుడు మిగిలింది కాస్త గోడ, కొన్ని కట్టడాలు. మా పెనుకొండ కోట ముందు ఇదొక లెక్కా అనుకొన్నాను. అనుకొని నవ్వుకొన్నాను. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండే ఈనాడు బస్సు ఆగితే వేరుసెనక్కాయలు అమ్మే ఊరయింది. శిథిలాల్లో ఎక్కువ తక్కువలేమిటి?

డచ్చివారి సమాధులదగ్గర మాత్రం చాలాసేపు ఉండిపోయాను. పెద్ద పెద్ద రాతిపలకలు. వాటిమీద అక్షరాలు మన శాసనాల్లాగా లోపలికి తొలిచినవి కావు, పైకి ఉబ్బెత్తుగా ఉన్నాయి. భాష రాదు కనుక వేళ్లతో తడిమి చూశాను. అంకెలు తెలిశాయి, పదహారువందల్లోవి. వచ్చినప్పుడు ఇంటికి తిరిగిపోతామనే వచ్చి ఉంటారు పాపం. ఆలోచిస్తే నాకు ఒకటి తోచింది. అమ్మాయి చెప్పినట్టు వచ్చేస్తే నేనూ ఇక్కడ వలందునే. నాకొక పాలెమన్నా ఉండదు.

అక్కడ మేకలు మేపుకొంటున్న ఒక ముసలామె, "అవి చూడటానికి అప్పుడప్పుడు దొరలొస్తారు నాయనా, నువ్వొచ్చావేంటి?" అంది. మాటల్లో ఉప్పెన సంగతి ఎత్తాను. దివిసీమను ముంచిన 1977 నాటి ఉప్పెన ఆమె ఎరుగును. నేను అడిగింది అంతకు ముందుది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రం ఈ ఊరిమీదికి వచ్చింది. తెల్లవారేసరికి బందరులోనూ చుట్టుపక్కలా కలిపి సుమారు 30,000 మంది లేరు. అసలే తీరంలో లోతు తక్కువై, పెద్ద ఓడలు దూరాన ఆగిపోతే చిన్న పడవల్లో సరుకు మోసుకొనే రేవు. ఆ దెబ్బనుంచి మళ్లీ కోలుకోలేదు. కొత్త రేవు పనులకు శంకుస్థాపన జరిగింది 2023 మే నెలలో.

"అంతమంది పోయినచోట మళ్లీ ఎట్లా ఉన్నారమ్మా?" అన్నాను.

ఆమె మేకను అదిలించడానికి లేచింది. జవాబు చెప్పలేదు.

చీటీలో లేకపోయినా గిలకలదిండి రేవుకు పోయాను. పడవలు వరసగా ఆగి ఉన్నాయి. విశాలంగా నీళ్లు కనబడగానే ఒళ్లు పులకరించి, చెప్పులు విడిచి, దణ్ణం పెట్టాను. వల బాగుచేసుకొంటున్న ఒకాయన నవ్వాపుకోలేక, "ఇది సముద్రం కాదండీ, మొగ. సముద్రం ఇంకా అవతలుంది. మీదేవూరండీ?" అన్నాడు.

చెప్పాను. ముదిగుబ్బ ఆయనకు తెలియదు. అనంతపురం పక్క అంటే, "అమ్మో, నీళ్లుండవంటగా! మరి అక్కడెట్టా ఉంటారండీ?" అని జాలిపడ్డాడు.

నేను ముసలామెను అడిగిన ప్రశ్న తిరిగి నామీదికే వచ్చింది. ఎదురు ప్రశ్న వేశాను. "మీకు నీళ్లు ఎక్కువై ఊళ్లే కొట్టుకుపోయినాయి గదా. మళ్లీ ఇక్కడే ఇండ్లెందుకు కట్టుకొన్నారు?"

ఆయన వల కన్నులోనుంచి దబ్బనం లాగి, దారం పంటితో కొరికి, నాకేదో తెలియని సంగతి చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. "మరి వలలెక్కడ ఆరేసుకోమంటారండీ?"

సాయంత్రం అల్లుడు నన్ను మోటారు సైకిలుమీద మంగినపూడి తీసుకుపోయి అసలు సముద్రం చూపించాడు. రెండోసారి దణ్ణం పెట్టాను. దాన్ని వర్ణించే శక్తి నాకు లేదు. నా చూపు కాళ్లకింద నేలమీదికి పోయింది. ఇసుక తెల్లగా ఉంటుందనుకొన్నాను. అక్కడ నల్లమట్టి. పిడికెడు తీసి నలిపి చూశాను. "మామా, అందరూ అలలు చూస్తారు, మీరు మన్ను చూస్తున్నారే" అన్నాడు అల్లుడు.

రాత్రి భోజనాలయ్యాక ముదిగుబ్బకు ఫోను చేశాను. పక్కచేను ఆయన ఎత్తాడు.

"వానేమన్నా పడిందాప్పా?"

"రాత్రి జల్లు పడిందన్నా. పదును కాలేదు. దుమ్ము మాత్రం అణిగింది."

అమ్మాయి వంటింట్లో గిన్నెలు కడగడం ఆపింది. నాకు తెలుసు, వింటున్నదని.

"సరే, ఆదివారానికి వస్తా. విత్తనం కాయలు వలిపించి పెట్టు" అన్నాను.

కాసేపటికి అమ్మాయి వచ్చి నా పక్కన కూచుంది. నాలుగెకరాల మాట ఎత్తలేదు. "పక్కచేను మామకు బందరు లడ్డు కట్టిస్తాను, తీసుకపో నాయనా" అంది.