జారిన క్యాచ్ తరువాత

2025 ఆగస్టు 3న ఓవల్ మైదానంలో మన హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్ క్యాచ్ పట్టాడు గాని, కాలు బౌండరీ తాడుపై పడింది. అప్పటికి 19 పరుగుల మీదున్న హ్యారీ బ్రూక్ 111 దాకా వెళ్లాడు. మరునాడు అదే సిరాజ్ చివరి వికెట్టు పడగొట్టగా భారత్ 6 పరుగులతో గెలిచింది.

ఆ ఆట చూస్తూ మేము మా పదోన్నతి ఇంటర్వ్యూను తలచుకున్నాము. రెండవ ప్రశ్నకు తప్పు సమాధానం చెప్పాము. తరువాత అడిగినవన్నీ తెలిసినవే. అయినా మనసు ఆ రెండవ ప్రశ్న దగ్గరే నిలిచిపోయింది. పదోన్నతి మరొకరికి దక్కింది. ఇంట్లో తఖ్దీర్ అని చెప్పుకున్నాము. నిజానికి అది తఖ్దీర్ మాటున దాచుకున్న మా బలహీనత.

తప్పు జరిగితే తౌబా చేసి ముందుకు సాగమనే ధర్మం మనది. చెదరిన మనసును రోజుకు ఐదుసార్లు నమాజులో తిరిగి నిలుపుకునే అభ్యాసం చిన్ననాటి నుండే మనకున్నది. దానిని కొలువులోకి తీసుకుపోవడమే మేము మరచాము.

వచ్చే నెల మళ్లీ ఇంటర్వ్యూ ఉన్నది. రోజూ ఫజర్ తరువాత మా శ్రీమతి ప్రశ్నలు అడుగుతున్నారు. తప్పు చెప్పినచోట ఆగక, బిస్మిల్లాహ్ అనుకుని తరువాతి ప్రశ్నకు వెళుతున్నాము. కృషి మాది, ఫలితం అల్లాహ్ చేతిలోనిది.