వాడ ముచ్చట్లు – 17: మా బాపుకు గోల్ ఏంది?



మొన్న ఒక తమ్ముడు ఫోన్ జేసి అడిగిండు: "అన్నా, సినిమా కథ రాస్తున్ననంటివి, ఏమాయె?" ఏమాయెనో ఇయ్యాల్ల చెప్త. ముందుగాల ఆ కథ వినుండ్రి. అది మా ఇంటి కథే.

మాది లక్సెట్టిపేట పక్కపొంటి ఊరు. నేను పది పాసైన యేడు, ఇంటర్‌ల చేరెతందుకు ఆఖరు రోజు. కాలేజీ మంచిర్యాలల. సాయంత్రం ఐదు దాటితె సీటు పోతది. తండ్రి సంతకం కావాలన్నరు. బాపు ఉతికిన ధోతి కట్టుకొని, నా టీసీ, మార్కుల కాయితం సంచిల పెట్టుకొని తయారైండు. గప్పుడే పటేల్ ఇంటి జీతగాడు ఉరికొచ్చిండు. "పెద్ద పటేల్ పోయిండు. డప్పు తీస్కొని జెల్ది రమ్మన్నరు."

మా తాతల కాలం నుంచి ఊర్లె ఎవలు సచ్చినా మా ఇంటి డప్పు పోవాలె. రానని ఎవలూ అనలే. కడెం కాలువ కింద మేం కౌలుకు చేసుకునే రెండెకరాలు గూడ ఆ ఇంటోళ్లయే.

బాపు గోడకున్న డప్పు దిక్కు చూసిండు. నా దిక్కు చూసిండు. "ఇయ్యాల్ల నాతోని కాదు. పిల్లగాన్ని కాలేజీల ఎయ్యాలె, పటేలమ్మకు చెప్పు" అన్నడు. అవ్వ పొయ్యికాడ ఉండె, చేతిల గరిటె అట్లనే ఆగింది.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డం. అక్కడికెల్లి చూస్తె పటేల్ ఇల్లు కనవడుతది. షామియానా ఏస్తున్నరు. పదిన్నర బస్సు రాలే. పదకొండాయె. అచ్చేటోళ్లు పోయేటోళ్లు మా దిక్కు చూసి పోతున్నరు. ఎవలూ ఏమనలే. ఆ ఏమనకపోవుడే నాకు భయమైంది. బాపు సంచిని ఈ చేతికెల్లి ఆ చేతికి మార్చుకుంట నిలబడ్డడు. పదకొండుంబావుకు బస్సొచ్చింది. సీటు దొరికింది.

మల్ల యేడు కౌలు భూమి పోయింది. బాపు కూలికి పోయిండు. ఆ రోజు ముచ్చట సచ్చేదాక మల్ల తియ్యలే.

గీ కథను హైదరాబాద్‌ల ఒక సినిమాయనకు చెప్పిన. మంచోడే. చాయ్ తాగిపిచ్చి, ఓపికతోని విన్నడు. ఇని, "బాగుంది గాని, హీరోకు గోల్ ఏంటి? డప్పు కొట్టకపోవడం గోల్ ఎట్లా అవుతుంది? హీరో ఏదన్నా చెయ్యాలి కదా" అన్నడు. జరసేపు ఆలోచన జేసి ఆయనే తొవ్వ చూపిచ్చిండు: "బస్సు దగ్గర మీ నాన్నని కొట్టి చంపేస్తారు. అక్కడ ఇంటర్వెల్. మీరు ఐపీఎస్ అయ్యి తిరిగొస్తారు."

మా బాపు షుగరుతోని, ముసలితనంల, తన మంచంలనే పోయిండని చెప్పిన. ఆయనకు నవ్వాల్నో వద్దో తెల్వలే.

ఆయన అడిగిన ప్రశ్న తప్పు కాదు. కథంటె గంతే గద. ఒక మనిషికి ఒకటి కావాలె. అది దొరకకుంట అడ్డముండాలె. దొరకకపోతె నష్టముండాలె. దొరుకుతదా లేదా అని చూసేటోళ్లు కుర్చీల ముందుకు వంగాలె. సిడ్ ఫీల్డ్ 1979ల అచ్చేసిన స్క్రీన్‌ప్లే పుస్తకం కాడికెల్లి ఇయ్యాల్టి షార్ట్ ఫిల్మ్ క్లాసుల దాక ఇదే చెప్తరు. మా బాపు కథల ఇవన్ని ఉన్నయి. కావాల్సింది నా సీటు. గడువు ఐదు గంటలు. అడ్డం తరాల ఆచారం. నష్టం రెండెకరాలు. ఆయనకు కనవడలే, గంతే.

ఎందుకు కనవడలేదో హిచ్‌కాక్ మాటతోని చెప్త. బల్ల కింద బాంబున్నది, కూసున్నోళ్లకు తెల్వది, చూసేటోళ్లకు తెలుసు. గప్పుడు వాళ్లు ఉత్త ముచ్చట పెట్టుకున్నా మనకు గుండె దడ పుడతది అన్నడు. వాడల పుట్టినోళ్లకు ఊర్లె ఏ బల్ల కింద బాంబున్నదో ముందే తెలుసు. బస్సు కోసం నిలబడ్డ ధోతి మనిషిని చూస్తె మనకు చెమటలు పడతయి. సినిమాయనకు అది బస్టాండ్ సీను.

బాంబు కనవడనోళ్లు కథ రాస్తె మనోడు కథల ఎందుకుంటడు? వేరేటోళ్లు మారెతందుకు. 1938ల గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాలపిల్ల' ఆ కాలానికి ధైర్యమైన సినిమా, నేను కాదనను. గాని అండ్ల మనసు మారేది శాస్త్రిది. అది మారాలంటె మనోడు మంటల్లకు దుంకి ఆయన భార్యను కాపాడాలె. తర్వాతి సినిమాల మనోడు సచ్చుడు, హీరోకు కోపమొచ్చుడు ఎన్నిసార్లు చూడలే? మన పీనుగ ఇంకోని గోల్ అయితది.

ఇప్పుడిప్పుడు జర మారుతున్నది. 2021ల శేఖర్ కమ్ముల 'లవ్ స్టోరీ'ల ఆర్మూర్ పిల్లగాడు రేవంత్‌కు సొంత జుంబా సెంటర్ కావాలె. కులం అడ్డమున్నా ఆ కోరిక వానిది. తమిళంల మారి సెల్వరాజ్ 'పరియేరుమ్ పెరుమాళ్'ల (2018) పిల్లగానికి లా చదవాలె. పగ తీర్చుకునుడు వాని గోల్ కాదు.

నాకైతె నాగరాజ్ మంజులే మరాఠీల తీసిన 'ఫాండ్రీ' (2013) పాఠం లెక్క. జబ్యా అనే పిల్లగానికి క్లాసుల ఒక పిల్ల మీద మనసు. ఆ పిల్లకు తాను పంది పట్టుకుంట కనవడొద్దు. కనవడకపోవుడే వాని గోల్. బడి పక్కనే పందుల వెంట ఉరుకుతాంటె, పంది చిక్కే టైముకు బడిల జాతీయ గీతం మొదలైతది. ఇంటిల్లిపాది కదలకుంట నిలబడతరు. పంది తప్పిచ్చుకొని పోతది. తుపాకీ లేదు, ఫైటు లేదు. నాకు ఊపిరాడలే.

ఒక మాట మనకు మనం గూడ చెప్పుకోవాలె. మన కథ చెప్పుమంటె మనం గూడ బాధ దగ్గర్నే ఆగుతం. ఎట్ల కొట్టిండ్రు, ఎట్ల తిట్టిండ్రు అని చెప్పి కూసుంటం. బాధ పడ్డ మనిషికి ఆ రోజు ఏం కావాల్నో చెప్పినప్పుడే అది కథయితది. లేకపోతె చూసేటోడు అయ్యో అని ఇంటికి పోతడు.

సినిమాయన మల్ల ఫోన్ చెయ్యలే. నేను కథ మార్చలే. ఇంటర్వెల్ ఎక్కడేస్తవని ఎవలన్న అడిగితె జవాబు తయారున్నది. పదకొండయింది. బస్సు రాలే. బాపు సంచిని చెయ్యి మార్చుకున్నడు. గక్కడ.

మీ అవ్వనో బాపునో అడుగుండ్రి. ఏం బాధలు పడ్డవని కాదు. ఆ రోజులల్ల నీకు ఏం కావాలనుండె అని అడుగుండ్రి. చెప్పింది రాసిపెట్టుండ్రి. నేను మా బాపును అడగలే.

జై భీమ్. మిగతా ముచ్చట వచ్చే ఐతారం.