రేస్ అందుకోని బుల్లెట్

మన వార్షికోత్సవ సంచికలో ఉపాధ్యాయులు, ఇంజనీర్లు, గ్రూప్ ఉద్యోగాలు సాధించిన అన్నలు తమ అనుభవాలు రాస్తుంటారు. నేను ఈ హాస్టల్లో ఉండి పదో తరగతి పాసై, ఐటిఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ చేసినవాణ్ణి. సూర్యాపేటలో ఖమ్మం వెళ్లే రోడ్డు పక్కన నాకొక చిన్న షెడ్డు ఉంది. గ్రీజు చేతుల పనికి కూడా చదువు ఎంత అవసరమో తమ్ముళ్లకు ఒక బండి సంగతితో చెబుతాను.

పోయిన ఎండాకాలంలో రిటైరైన ఉపాధ్యాయుడొకరు తన పాత బుల్లెట్ 350ని ట్రాలీ ఆటోలో వేసుకొచ్చారు. 1979 మోడల్. "నువ్వు మన హాస్టల్ పిల్లాడివేనటగా! నేనూ అక్కడే చదివాను బాబూ" అన్నారు. వాళ్ల వాడకు వచ్చిన మొదటి మోటార్ సైకిల్ అది. రాత్రివేళ పురుడు కష్టమైనా, పాము కరిచినా ఆ బండి మీదే ఆసుపత్రికి తీసుకెళ్లేవారట. ఆ వాడలో దాని పేరు బుల్లెట్ కాదు, "సార్ బండి".

ఇంతకీ దాని జబ్బు ఏమిటంటే, కిక్కు కొడితే స్టార్ట్ అవుతుంది. స్లోలో చక్కగా డుగ్ డుగ్ మంటుంది. రేస్ ఇస్తే మాత్రం అందుకోదు. మిస్సింగ్ కొట్టి, సైలెన్సర్లో పటపటమని పేలి, గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. పాత పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ వేయించిన రోజు నుంచే ఇలా ఉంది. కిట్ బిగించిన షాపువాళ్లు "ఇంజన్ అయిపోయింది సార్, విప్పి బోరు చేయించాలి, 18 వేలు అవుతుంది" అన్నారట. ఇంట్లో అబ్బాయేమో "ఇంక అమ్మేయండి నాన్నా" అంటున్నాడు. కొనేవాడు అడ్వాన్స్ ఇస్తానని ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. సార్ నాకు మూడు రోజుల గడువు ఇచ్చారు.

ముందు పాయింట్ల సంగతి చెప్పాలి. మద్రాసులో 1955లో మొదలైన కంపెనీ బుల్లెట్లకు దశాబ్దాల పాటు పాయింట్లే ఉండేవి. రెండు చిన్న లోహపు బిళ్లలు కలిసి ఉన్నంతసేపు కాయిల్లో కరెంటు పారుతుంది. క్యామ్ వాటిని విడదీసిన క్షణాన ఆ కరెంటు తెగి, ప్లగ్ దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. బిళ్లల మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. అవి మాడిపోతాయి, అరిగిపోతాయి, మాటిమాటికీ గీకాలి. ఆ బాధ లేకుండా ఉండేందుకే కిట్ వేసుకుంటారు. అందులో పాయింట్ల స్థానంలో పికప్ కాయిల్ ఉంటుంది. క్యామ్ బదులు ఇనుప పన్ను ఉన్న బిళ్ల తిరుగుతుంది. పన్ను కాయిల్ పక్కనుంచి పోయినప్పుడల్లా ఒక సంకేతం పుట్టి నల్ల డబ్బా లాంటి మాడ్యూల్‌కు చేరుతుంది. కాయిల్ కరెంటును తెంచే పని ఆ మాడ్యూల్‌ది.

ఏం మార్చాక జబ్బు వచ్చిందో అక్కడే వెతకాలన్నది మా పనిలో మొదటి సూత్రం. అలాగని గుడ్డిగా దాని మీదే తప్పు మోపకూడదు. కాకి వాలడమూ తాటిపండు పడడమూ ఒకేసారి జరగవచ్చు. అందుకే ఒక నోట్ పుస్తకం తెరిచి ఒక్కొక్కటే చూస్తూ రాసుకున్నాను.

మొదట పెట్రోలు. కార్బురేటర్ గిన్నె విప్పితే శుభ్రంగా ఉంది. పెద్ద జెట్‌లోంచి వెలుతురు కనిపించింది. చోక్ కొంచెం వేసి రేస్ ఇచ్చాను. పెట్రోలు తక్కువై ఆగుతుంటే అప్పుడు కాస్తయినా మెరుగవ్వాలి. కాలేదు. ప్లగ్ విప్పితే మసిపట్టి తడిగా ఉంది. అంటే పెట్రోలు వస్తోంది, కాలడం లేదు.

తర్వాత కరెంటు. బండిని అప్పటికే 12 వోల్టులకు మార్చి ఉన్నారు. బ్యాటరీ బాగుంది. పాత స్విచ్‌లో కరెంటు పడిపోతుందేమోనని బ్యాటరీ నుంచి మాడ్యూల్‌కు నేరుగా వైరు వేశాను. తేడా లేదు. రాత్రి షెడ్డు లైట్లన్నీ ఆర్పి ఇంజన్ నడిపాను. ప్లగ్ వైరు మీద ఎక్కడా నీలి రవ్వలు పాకలేదు.

మూడోది అడ్వాన్స్. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ నిప్పురవ్వ ఇంకాస్త ముందుగా పడాలి. ఈ బండిలో ఆ పని స్ప్రింగులు కట్టిన రెండు చిన్న బరువులు చేస్తాయి. అవి తుప్పుపట్టి బిగుసుకుంటే అచ్చం ఇలాగే రేస్ అందుకోదు. చేత్తో తిప్పి వదిలాను. టక్కున వెనక్కి వచ్చాయి. అవీ బాగున్నాయి.

ఇక మిగిలింది సంకేతం. ఇనుప పన్ను మీద సున్నంతో తెల్ల చుక్క పెట్టి స్ట్రోబ్ లైట్ పట్టాను. నిప్పురవ్వ పడినప్పుడల్లా ఆ లైటు వెలుగుతుంది కాబట్టి, తిరిగే చుక్క ఆగినట్టు కనబడాలి. స్లోలో ఆగింది. రేస్ ఇవ్వగానే చెదిరిపోయి అటూ ఇటూ గెంతింది. పన్ను పికప్ కాయిల్‌కు ఎదురుగా వచ్చినప్పుడే పడాల్సిన నిప్పురవ్వ తోచినప్పుడు పడుతోందన్నమాట. దోషం పిస్టన్‌లో లేదు, బోరులో లేదు. ఆ సంకేతం దారిలో ఉంది.

పికప్ నుంచి వచ్చే రెండు వైర్లను పట్టుకొని పోయాను. సీటు కింద అవి పొడవు చాలక వేరే రంగు వైర్లతో అతికి ఉన్నాయి. టేపు విప్పితే ఒకటి పోవాల్సిన చోటికి రెండోది పోతోంది.

హైస్కూల్ భౌతికశాస్త్రంలో విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం ఉంటుంది. దాన్ని 1831లో కనిపెట్టిన ఫారడే కమ్మరి కొడుకు, పుస్తకాలు బైండింగ్ చేసే కొట్లో పని నేర్చుకున్నవాడు. ఇనుప పన్ను దగ్గరకు వస్తుంటే కాయిల్లో విద్యుత్తు ఒక దిశలో పుడుతుంది, దూరమవుతుంటే ఎదురు దిశలో పుడుతుంది. రెంటి మధ్య నిట్టనిలువుగా మారే క్షణాన్నే మాడ్యూల్ గుర్తుపట్టాలి. వైర్లు తారుమారైతే అది ఏటవాలుగా ఉన్న భాగాన్ని పట్టుకుంటుంది. స్లోలో ఎలాగో నెట్టుకొస్తుంది, వేగం పెరిగితే తడబడుతుంది. ప్లేటును అటూ ఇటూ తిప్పి బండిని స్టార్ట్ చేయించారు గనుక ఎవరికీ అనుమానం రాలేదు.

వైర్లు సరిచేసి టంకం వేశాను. నిప్పురవ్వ పడే చోటు మారింది కాబట్టి టైమింగ్ కూడా మళ్లీ పెట్టాలి. పిస్టన్ పైకొసకు చేరడానికి 0.8 మిల్లీమీటర్ల ముందు నిప్పురవ్వ పడేలా ప్లేటు సర్ది బిగించాను. కిట్ కాగితంలో రెసిస్టర్ ఉన్న ప్లగ్ క్యాప్ వాడమని ఉంటే అదీ మార్చాను. కిక్కు కొట్టి రేస్ ఇచ్చాను. స్ట్రోబ్ వెలుగులో తెల్ల చుక్క మేకు కొట్టినట్టు నిలబడింది. ఇంజన్ ఒక్క మిస్సింగ్ లేకుండా గొంతెత్తింది.

రెండో రోజు సాయంత్రం సార్ వచ్చి నోట్ పుస్తకం అడిగి తీసుకున్నారు. అన్ని పేజీలూ చదివారు. బండి కంటే ముందు పుస్తకం చూసిన గిరాకీ నాకు ఆయనొక్కరే. కూలి, క్యాపు, వైర్లు కలిపి 850 రూపాయలు తీసుకున్నాను. అక్కడే నిలబడి కొడుక్కి ఫోన్ చేసి, "బండి అమ్మడం లేదురా" అన్నారు.

తమ్ముళ్లూ, ఈ పనిలో నాకు అక్కరకొచ్చినవి రెండే. ఒకటి పాఠ్యపుస్తకంలోని ఒక పాఠం, రెండోది ఒకసారికి ఒక్కటే మార్చి, చూసినది చూసినట్టు రాసుకునే అలవాటు. లెక్క తప్పినా, ఆరోగ్యం చెడినా, పరీక్ష పోయినా ఇదే పద్ధతి. "ఇంజన్ అయిపోయింది" అని ఎవరో అనగానే నమ్మకండి. మీ గురించి కూడా అలా అనేవాళ్లు ఉంటారు. చాలాసార్లు పాడైంది ఇంజన్ కాదు, ఎక్కడో రెండు వైర్లు తారుమారై ఉంటాయి. ఓపికగా వెతికితే దొరుకుతాయి.