పేరు ఆమెది, ఆస్తి ఎవరిది?

శంకరంపేటలో మా వద్దకు వారసత్వపు లెక్కలు అడగడానికి వచ్చేవారు తరచూ ఒకే చిక్కును వెంట తెస్తారు. పన్ను తగ్గుతుందని భర్త తన సొమ్ముతో రెండు మడిగెలు భార్య పేరిట కొంటాడు. చూపిన చోటల్లా ఆమె సంతకం చేస్తుంది. అద్దె ఎంతో, ఏ ఖాతాలో పడుతుందో ఆమెకు తెలియదు. ఆయన కన్నుమూశాక మరుదులు వచ్చి "పేరు మాత్రమే వదినది, సొమ్ము మా అన్నది" అంటారు.

మేము అడిగేది ఒక్కటే: ఆయన ఇచ్చాడా, కేవలం రాయించాడా? షరీఅత్‌లో హిబా నెరవేరాలంటే ఇస్తున్నానని చెప్పాలి, ఆమె స్వీకరించాలి, ఆస్తి ఆమె స్వాధీనం కావాలి. ఉన్నదని తెలియనిదానిని ఎవరు స్వీకరించగలరు? భార్య, ఇద్దరు కుమార్తెలు, సోదరులే వారసులైతే 24 వంతులలో కుమార్తెలకు 16, భార్యకు 3, సోదరులకు 5. అదే హిబా అయి ఉంటే మడిగెలు పూర్తిగా ఆమెవే. అంతటి తేడా ఆమెకు తెలియని ఒక్క మాటపై నిలిచి ఉంది.

పోనీ, పన్నైనా తగ్గిందా? ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, భర్త ప్రతిఫలం లేకుండా భార్యకిచ్చిన ఆస్తిపై వచ్చే ఆదాయాన్ని భర్త ఆదాయంలోనే కలిపి లెక్కిస్తారు. లెక్క చూపని సొమ్ముతో కొంటే ముప్పు ఇంకా పెద్దది. 2016లో సవరించిన బినామీ చట్టం క్రింద నేరం రుజువైతే పేరు ఇచ్చినవారికీ 1 నుండి 7 సంవత్సరాల జైలుశిక్ష పడవచ్చు.

దివ్య ఖుర్‌ఆన్ అల్ బఖర సూరా 282వ ఆయత్‌లో అప్పును వ్రాసుకోవాలని, సాక్షులను నిలుపుకోవాలని ఆదేశించింది. అప్పుకే అంత స్పష్టత కోరిన ధర్మం జీవిత భాగస్వామిని చీకటిలో ఉంచడాన్ని మెచ్చుతుందా?

ఏటా రమజాన్‌లో జకాత్ లెక్కించేనాడు మా ఇంట కాగితాలన్నీ మేమిద్దరం కలిసి చూస్తాము. ఏది ఎవరిదో తేలనిదే జకాత్ ఎవరిపై విధియో తేలదు. దస్తావేజు తెలుగులో ఉండి, ఇల్లాలికి ఉర్దూ మాత్రమే వస్తే చదివి వినిపించండి. "ఇది నీకు ఇచ్చాను" అనో, "ఇది నాదే, నీ పేరు మాత్రమే" అనో సాక్షుల ఎదుట చెప్పి వ్రాసి ఉంచండి. సోదరీమణులారా! సంతకానికి ముందు అడగండి. అది అవిధేయత కాదు, మీ హక్కు.