వృత్తి: వివాహిత

అగాథా క్రిస్టీ ఆత్మకథలో ఒక చిన్న విషయం ఉంది. ఏ దరఖాస్తులోనైనా 'వృత్తి' అన్న గడి వస్తే అందులో 'వివాహిత' అని తప్ప మరో మాట రాయాలని తనకు తోచేది కాదట. అప్పటికే నవలలు అచ్చవుతున్నాయి, డబ్బూ వస్తోంది. అయినా ఆ గడిలోకి అవేవీ రాలేదు. ఆమె చనిపోయిన మరుసటి ఏడాది, 1977లో వచ్చిన ఆ ఆత్మకథను హత్యల కోసం కాకుండా పని కోసం చదివితే మనకు చాలా దగ్గరి పుస్తకం అనిపిస్తుంది.

నేను పరిశోధనకి అంశం వెతుక్కుంటున్నప్పుడు అపరాధ పరిశోధక నవల గురించి అడిగితే, "అది సాహిత్యం కాదమ్మా, కాలక్షేపం" అన్నారు పెద్దలు. మా ఇంట్లో నాన్నా, బాబాయిలూ కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ని దిండు కింద దాచుకుని చదివినవాళ్లే. అటువైపు అమ్మా, పిన్నీ వారపత్రికల్లో రచయిత్రుల సీరియల్స్ కోసం ఎదురుచూసేవాళ్లు. ఆ సీరియల్స్‌కీ ఇదే పేరు... కాలక్షేపం. చదివేవాళ్లకి కాలక్షేపమే కావచ్చు. మరి రాసినవాళ్లకి? వాళ్ల కాలం ఎక్కడినుంచి వచ్చింది? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వదల్లేదు.

క్రిస్టీకి మొదటి నవల ఉద్యోగంలోంచి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆమె తన ఊరు టార్కీలో ఆసుపత్రిలో నర్సుగా, తర్వాత మందులు కలిపే డిస్పెన్సరీలో పనిచేసింది. పరీక్షకి చదివింది. చుట్టూ విషాల సీసాలు, మధ్యమధ్య పనిలేని గంటలు. 1916లో అక్కడే నవల ఆలోచన మొదలైంది. ఓ టానిక్‌లో ఫలానా పొడి కలిపితే అందులోని స్ట్రిక్నిన్ అడుక్కి దిగుతుంది, ఆఖరి మోతాదు తాగినవాళ్లు చనిపోతారు. కథ ముడి అంతా ఈ మందుల జ్ఞానం మీదే నిలబడింది. కొందరు ప్రచురణకర్తలు తిప్పి పంపాక 1920లో ఆ నవల వచ్చింది. ఆమె చేతికొచ్చింది 25 పౌండ్లు. విషం గురించి సరిగ్గా రాసిందని మందుల వృత్తివాళ్ల పత్రిక మెచ్చుకున్నందుకు ఆమె ఎంతో గర్వపడింది. సాహిత్య విమర్శకుల మెప్పు కంటే తోటి పనివాళ్ల మెప్పు ఎందుకంత నచ్చిందో ఊహించగలను.

రాయడానికి ఆమెకు ప్రత్యేకమైన చోటు ఉండేది కాదు. కదలని బల్ల, టైప్ రైటర్ ఉంటే చాలంది. పడగ్గదిలో పాలరాయి పరిచిన వాష్‌స్టాండ్ బాగుంటుందట. భోజనానికీ భోజనానికీ మధ్య డైనింగ్ టేబుల్ కూడా. ఆమె నోటు పుస్తకాలు 70కి పైగా మిగిలాయి. వాటిలో ఎవరు ఎవర్ని చంపాలి, ఏ దారిలో ఏ ఆధారం దాచాలి అన్న లెక్కల పక్కనే ఇంటి సామాన్ల జాబితాలు, ఇవ్వాల్సిన కానుకలు, పేకాట స్కోర్లు ఉన్నాయి. రచన ఒక పుస్తకం, ఇల్లు ఒక పుస్తకం అని విడదీసుకునే వీలు ఆమె జీవితంలో లేదు. ఆ కలగలుపే ఆమె శిల్పం అయిందని నా అభిప్రాయం. ఆమె నవలల్లో పనిమనిషి కాఫీ కప్పు ఎప్పుడు తీసింది, పొయ్యిలో ఏం కాలింది అన్నవే సాక్ష్యాలు. 1930లో 'మర్డర్ ఎట్ ది వికరేజ్' నవలలోకి వచ్చిన మిస్ మార్పుల్ చేసేదేమిటి? మనం అమ్మలక్కల కబుర్లని తీసిపారేసేదాన్ని ఆవిడ తర్కంగా వాడుతుంది. ఊళ్లో ఒకరి ప్రవర్తన చూసి మరొకరి నేరం పోల్చుకుంటుంది.

1926లో క్రిస్టీ తల్లి చనిపోయింది. అదే ఏడాది భర్త వేరే స్త్రీ కోసం విడాకులడిగాడు. డిసెంబరులో పదకొండు రోజులు ఆమె కనిపించకుండా పోయింది. ప్రపంచమంతా ఈ పదకొండు రోజుల గురించే మాట్లాడుతుంది. నాకు మాత్రం ఆ తర్వాతి నెలలు ముఖ్యం. డబ్బు కావాలి, కూతురుంది. రాయాలని లేకపోయినా, రాసేది నచ్చకపోయినా ఒక నవల పూర్తి చేసింది. 1928లో వచ్చిన ఆ 'బ్లూ ట్రైన్' నవల ఆమెకెప్పుడూ నచ్చలేదు. కానీ తాను సరదా రచయిత్రి నుంచి వృత్తి రచయిత్రిగా మారింది అప్పుడేనని ఆమే చెప్పుకుంది. మనం 'ప్రేరణ' అన్న మాటతో ఎంత శ్రమని కప్పేస్తామో కదా!

డొరొతీ సేయర్స్‌ది ఇంకో రకం. ఆక్స్‌ఫర్డ్‌లో 1915లోనే చదువు ముగించినా, ఆడవాళ్లకి డిగ్రీలివ్వడం మొదలైన 1920 దాకా ఆగాల్సి వచ్చింది. ప్రకటనల కంపెనీలో ఉద్యోగం చేస్తూ నవలలు రాసింది. 1924లో పెళ్లికాకుండా కొడుకు పుడితే కొన్ని వారాలు సెలవు పెట్టి, బిడ్డని బంధువు దగ్గరుంచి మళ్లీ పనిలోకి వెళ్లింది. ఆమె బతికున్నంతకాలం లోకానికి ఆ సంగతి తెలియదు. 1935లో రాసిన 'గాడీ నైట్'లో కథానాయిక హారియట్ కూడా డిటెక్టివ్ నవలా రచయిత్రే. తన పాత్రలు చదరంగం పావుల్లా ఉన్నాయనీ, వాటికి నిజమైన మనసివ్వాలంటే తన గాయాల్ని తాకాలనీ ఆమెకి తెలుసు. రహస్యాలల్లే స్త్రీ తన రహస్యాన్ని కాపాడుకుంటూ ఈ మాట రాయడం ఎంత కష్టమో!

వీళ్లిద్దర్నీ ఆదర్శంగా చూపించి "చూడండి, గది లేకపోయినా రాశారుగా" అనడం నా ఉద్దేశం కాదు. క్రిస్టీకి ఇంట్లో పనివాళ్లున్నారు, కార్యదర్శి ఉంది. సేయర్స్ బిడ్డని పెంచింది మరో స్త్రీ. ఒక రచయిత్రి బల్ల వెనక ఇంకెందరి చేతులున్నాయో కూడా లెక్కలోకి రావాలి. పి.డి. జేమ్స్‌కి ఆ వెసులుబాటు తక్కువ. భర్త యుద్ధం నుంచి మానసిక అనారోగ్యంతో తిరిగొచ్చాడు. ఇద్దరు కూతుళ్లు, ఆసుపత్రి పరిపాలనలో ఉద్యోగం. రాయడానికి అనువైన సమయమంటూ ఎప్పటికీ రాదని ముప్పైల్లో గ్రహించి, తెల్లవారుజామున ఆఫీసుకి ముందు రాసింది. మొదటి నవల 1962లో, 42వ ఏట వచ్చింది. పేరులోని పొడి అక్షరాలు చూసి చాలామంది మగవాడనుకున్నారు.

నాదీ ఇప్పుడు ముప్పైల వయసే. కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతాను. వేసవిలో జీతం ఉండదు. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంటే "ఖాళీగానే ఉన్నావుగా" అని మా అత్తగారు పని చెబుతారు. ఆవిడ చెడ్డవారు కాదు. డబ్బు రాని గంట ఎవరికైనా ఖాళీగానే కనిపిస్తుంది.

ఈమధ్య వారపత్రికలకి సీరియల్స్ రాసిన పెద్దావిడల్ని కలుస్తున్నాను. ఇతివృత్తం, భావజాలం తర్వాత. ముందు "ఏ వేళప్పుడు రాసేవారమ్మా? ఎంత ఇచ్చేవారు?" అని అడుగుతున్నాను. ఒకావిడ ఆశ్చర్యంగా చూసి, ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నారు. వారం వారం భాగం అందాలి కాబట్టి రాత్రి అంట్లయ్యాక పూర్తి చేస్తే, వాళ్ల తమ్ముడు సైకిల్ మీద స్టేషన్‌కి వెళ్లి ఆర్.ఎం.ఎస్.లో కవరు వేసి వచ్చేవాడట. "ఒక్క వారం కూడా తప్పలేదమ్మా" అన్నారు. ఆ గొంతులో ఉన్నది వృత్తి గౌరవం. మన సాహిత్య చరిత్రల్లో ఆవిడ పేరు ఒక్క వాక్యంలో, మరో పదిమంది పేర్లతో కలిసి ఉంది. ఆ తప్పిపోని వారాల్ని రాసే పని ఇంకా మిగిలే ఉంది.