ఒక రాజు, ఆ రాజు

నిన్న సాయంత్రం నుంచి నా మనసు మనసులో లేదు. మా పక్కింటి పిల్ల ఆరో తరగతి చదువుతోంది. పరీక్ష పేపరు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అని రాసింది. దాని మీద ఎర్రసిరాతో అడ్డంగా ఒక గీత. ఎంత ఒత్తి కొట్టారో, కాగితం వెనక్కి తిప్పితే వేలికి తగులుతోంది. పక్కన సున్నా.

“ఎందుకు తప్పయిందో అడిగావా అమ్మా?” అన్నాను.

“అడిగాను మామ్మగారూ. తప్పంటే తప్పే, రూలంతే అన్నారు. తెలుగులో అడిగానని ఐదు రూపాయలు ఫైను కూడా వేశారు.”

ఆ బడి పేరు రాయను. ఒక్క బడి సంగతైతే నాకింత కష్టం ఉండేది కాదు.

ఆ వాక్యం పిల్ల ఊరికే రాసింది కాదు. ‘హావ్ అంటే కలిగి ఉండు’ అని దాని నోటుబుక్కులో మొదటి పేజీలోనే ఉంది. ‘నేను ఇద్దరు అన్నలను కలిగి ఉన్నాను’ అని మా విజయవాడ గుణదల సెంటర్లో ఎవరైనా అనగా మీరు విన్నారా? ‘నాకు ఇద్దరన్నలు’ అంటాం, అయిపోయింది. ముందు పిల్లకి ఎవరూ మాట్లాడని తెలుగొకటి నేర్పారు. ఆ తెలుగులోంచి అది బుద్ధిగా ఇంగ్లీషు చేసుకుంది. ‘ఉన్నాను’ అని ఉంది కాబట్టి ‘యామ్’ పెట్టింది, ‘కలిగి’కి ‘హావింగ్’ పెట్టింది. దాని లెక్కలో ఎక్కడా పొరపాటు లేదు. సున్నా ఆ అర్థం రాసిచ్చినవాళ్లకి పడాలి.

నాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారు గన్నవరం అవతల మా ఊరి హైస్కూల్లో పనిచేసేవారు. క్లాసులోకి రాగానే సుద్దముక్కతో బోర్డుని నిలువుగా రెండు చేసేవారు. ఎడమవైపు తెలుగు, కుడివైపు ఇంగ్లీషు. ఎడమవైపు వాక్యాలన్నీ మావే. “రేపు వచ్చేటప్పుడు మీ ఇంట్లో విన్న మాట ఒక్కటి పట్రండి” అనేవారు. మేము తెచ్చేవాళ్లం. నాన్నకి కోపం వచ్చింది. నాకు ఆకలేస్తోంది. అమ్మకి జ్వరం తగ్గింది. తాతకి సరిగ్గా వినపడదు. మాకు తెలీదు.

ఒకరోజు అవన్నీ రాసి, ‘కి’ల కిందా ‘కు’ల కిందా గీతలు గీశారు. “కోపం మీ నాన్న తెచ్చుకున్నాడా, అదే వచ్చిందా?” అని అడిగారు. అదే వచ్చిందండీ అన్నాం. “చూశారా, తెలుగులో కోపం, ఆకలి, జ్వరం అన్నీ మన దగ్గరికొచ్చే చుట్టాలు. మనం గుమ్మంలో ఉంటాం. ఇంగ్లీషువాళ్లకి అలా కుదరదు. వాళ్లకి మనిషి ముందు నిలబడాలి. ఈ ‘కి’, ‘కు’లు కనిపించిన చోట మనిషిని లేపి ముందు నిలబెట్టండి” అన్నారు. లేపి నిలబెట్టాం. ఐ నో. ఐ వాంట్. ఐ హావ్ ఎ ఫీవర్. ఐ హావ్ టూ బ్రదర్స్. ఆ ‘ఇంగ్’ సంగతి కూడా అప్పుడే చెప్పారు. జరుగుతున్న పనికి అది కావాలి. అన్నలు ఉండడం ఒక పని కాదు, ఉన్నారంతే. యాభై ఏళ్లయింది. ఆ తప్పు నేను మళ్లీ చేయలేదు.

పరాయి భాష నేర్చుకోవడం మా గుణదలకి కొత్తా? ఇక్కడి కొండ గుహలో 1924లో మేరీమాత విగ్రహం నిలిపిన ఫాదర్ ఆర్లాటి ఇటలీ దేశస్థుడు. ఆయనకి తెలుగూ పరాయిదే, ఇంగ్లీషూ పరాయిదే. మన ప్రాంతంలో ఇంగ్లీషు చదువూ నిన్నటిది కాదు, బందరులో నోబుల్ దొర 1843లోనే బడి పెట్టాడు. అంతకుముందు ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరిన కుర్ర దొరలు తెలుగు నేర్చుకోవాల్సి వచ్చినప్పుడు ఏం చేశారు? ఎ.డి. కాంబెల్ 1816లో మద్రాసులో తెలుగు వ్యాకరణం వేశాడు, ఇంగ్లీషులో. సి.పి. బ్రౌన్ 1840లో ఇంకొకటి వేశాడు, అదీ ఇంగ్లీషులోనే. తెలుగు నేర్చుకునే దొరకి తెలుగు వ్యాకరణం వాళ్లమ్మ భాషలో చెప్పారు. ఇంగ్లీషు మాట్లాడావని ఆ కుర్రాళ్లకి ఎవరూ జరిమానా వేయలేదు. మరి ఇంగ్లీషు నేర్చుకునే మన పిల్లకి వాళ్లమ్మ భాషలో చెబితే నేరం ఎలా అయింది?

నా దగ్గర రెన్ అండ్ మార్టిన్ ఇంగ్లీషు గ్రామరు పాత కాపీ ఒకటుంది. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లో కొన్నాను. ఆ గ్రామరు మొదట ఈ దేశంలో ఉన్న బ్రిటిషు అధికారుల పిల్లల కోసం రాశారంటారు. అంటే ఇంట్లో పుట్టినప్పటి నుంచీ ఇంగ్లీషు వింటున్న పిల్లల కోసం. తర్వాత దాన్ని సవరించినాయన పేరు అట్ట మీదే ఉంటుంది, ఎన్.డి.వి. ప్రసాదరావు. నా కాపీలో నాకు నచ్చేది మాత్రం అచ్చు అక్షరాలు కావు. ఎవరిదో పెన్సిలు. నాకన్నా ముందు దాన్ని చదువుకున్న పిల్లవాడో పిల్లో, ప్రతి వాక్యం పక్కన సన్నగా తెలుగు రాసుకున్నారు. ‘అన్‌లెస్’ పక్కన ‘వస్తే తప్ప’. ‘ఆల్‌దో’ పక్కన ‘వచ్చినా సరే’. ‘యూజ్డ్ టు’ పక్కన ‘వచ్చేవాడు’. ఒకచోట చెరిపేసి మళ్లీ రాశారు, కాగితం అక్కడ పలచబడింది. కలిగి ఉండులూ, చంపబడెనులూ ఒక్కటీ లేవు. ఎవరో గాని, నిజంగా నేర్చుకున్నారు.

ఇంగ్లీషులో ‘ఎ’, ‘ది’ లాంటి ఆర్టికల్స్ తెలుగులో లేవు కాబట్టి అవి మనవాళ్లకి రావంటారు. ఆ మాటలు లేవేమో గాని, ఆ పని మాత్రం ఉంది. అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఒక కూతురు. ఆ కూతురు ఒక చిలకని పెంచుకుంది. కొత్తగా కనిపిస్తే ‘ఒక’, పరిచయమయ్యాక ‘ఆ’. ‘అనగనగా ఆ రాజు’ అని మొదలుపెట్టి చూడండి, నాలుగేళ్ల పిల్ల కూడా ‘ఏ రాజు?’ అని ఆపేస్తుంది. అంటే ‘ఎ’కీ ‘ది’కీ తేడా ఆ పిల్లకి తెలుసు. ‘ది కృష్ణా’, ‘ది సన్’ లాంటివి ఈ దారిన రావు, అవి తర్వాత చూసుకోవచ్చు. నిన్న రాత్రి పక్కింటి పిల్లకి ఈ రాజు కథ చెబుతూ పది వాక్యాలు చేయించాను. తొమ్మిది సరిగ్గా పెట్టింది.

ఇక్కడితో ఆపచ్చు. కానీ ‘ట’ గురించి చెప్పకుండా ఉండలేను. మన భాషలో ఈ ఒక్క అక్షరం మీద నాకున్న ఇష్టం అంతా ఇంతా కాదు. ‘వచ్చాడు’ అంటే చూశాను, ‘వచ్చాడట’ అంటే విన్నాను. ఇంగ్లీషులో అలాంటి తోక లేదు. అందుకే మనవాళ్లు వాక్యం చివర ‘ఇట్ సీమ్స్’ అని తగిలిస్తారు. ‘హి రిజైన్డ్ ఇట్ సీమ్స్’. ఇంగ్లీషువాళ్ల ‘ఇట్ సీమ్స్’ అంటే ‘అనిపిస్తోంది’; మనం ‘అట’ అనే అర్థంలో వాడుతున్నాం. దిద్దాల్సిందే. దిద్దే ముందు, ఆ మనిషి తన కళ్లతో చూడని సంగతిని చూసినట్టు చెప్పకూడదనుకుంటున్నాడని గుర్తించాలి.

మా క్లాసులో ఒక కుర్రాడు ఓ జూన్ నెలలో తెచ్చిన వాక్యం ఇది: ‘కాలవకి నీళ్లొదిలారట’. బెజవాడ బ్యారేజీ దగ్గర నీళ్లొదిలితే ఎప్పటికి మా ఊరొస్తాయా అని ఇళ్లల్లో అదే మాట. మాస్టారు బోర్డు మీద రాసి, “నువ్వు చూశావా?” అన్నారు. “లేదండీ, మా బాబాయి చెప్పాడు.” “మరైతే చూసి, ‘ట’ తీసేద్దాం పదండి” అని సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. క్లాసు క్లాసంతా గట్టు మీదికి పరిగెత్తాం. ఎండకి నెర్రెలిచ్చిన కాలువ. కాసేపటికి వచ్చాయి నీళ్లు. గడ్డీ గాదం, ఎండుటాకులు, నురగ ముందుకి తోసుకుంటూ, మోకాలెత్తు కూడా లేని ఎర్రటి నీళ్లు. నెర్రెల్లోకి దిగుతూ బుడబుడమని చప్పుడు. ఆ నీళ్ల మూతి వెంట గట్టు మీద మేమూ నడిచాం. “ఇప్పుడు చెప్పండి” అన్నారు మాస్టారు. “నీళ్లొదిలారండీ!” అని అరిచాం. “ఇంగ్లీషులో?” ఎవరికీ రాలేదు. ఆయనే చెప్పారు, ‘దే హావ్ రిలీజ్డ్ ద వాటర్’. “ఆ ‘హావ్’ ఎందుకో తెలుసా? వదలడం అయిపోయింది. నీళ్లు మాత్రం ఇంకా మీ కాళ్ల దగ్గరే ఉన్నాయి.”

ఇప్పటికీ ఏలూరు కాలువ వంతెన మీద నడిచినప్పుడు నాకు ఆ ‘హావ్’ వినిపిస్తుంది.

ఇంగ్లీషు చెప్పే మాస్టార్లకీ టీచర్లకీ నాదొక్కటే విన్నపం. రేపు క్లాసులో బోర్డుని నిలువుగా రెండు చేయండి. ఎడమవైపు పిల్లల్ని రాయనివ్వండి.