చేతిలో ఒకటి... ఏ చేతిలో?

డిజిటల్ ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్ళకి ఫుల్ యాడర్ గుర్తుండే ఉంటుంది. రెండు బిట్లు, కింది స్థానం నుంచి వచ్చిన క్యారీ, ఈ మూడింటినీ కూడి ఒక సమ్, పై స్థానానికి ఒక క్యారీ ఇస్తుంది. ట్రూత్ టేబుల్‌లో ఎనిమిది వరుసలు, అంతే. కానీ ఆ క్యారీ అంటే ఏంటో ఏడేళ్ళ పిల్లకి చెప్పాల్సి వస్తే?

మాది ఆత్రేయపురం. పూతరేకుల ఊరు. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని దానిమీద ఒక్కసారి లాగితే, క్షణాల్లో రేకు లేస్తుంది. మా పక్కింటి అక్క చేసేది ఆ పనే. వందకింత అని డబ్బులిస్తారు. లెక్క మాత్రం వేరేవాళ్ళు రాసుకుంటారు. మొన్న వేసవి సెలవుల్లో, "మా పిల్లకి కూడికలు నేర్పు తమ్ముడూ. ఇంట్లో ఒకళ్ళు లెక్క రాస్తే నాకు ధైర్యంగా ఉంటది" అంది.

పాప రెండో తరగతి. 28, 17 కూడమంటే 315 అని రాసింది. రెండూ ఒకటీ మూడు, ఎనిమిదీ ఏడూ పదిహేను. విడివిడిగా రెండూ కరెక్టే, పక్కపక్కన పెట్టేసింది. మనందరికీ చెప్పినట్టే, "ఐదు వేసి, ఒకటి చేతిలో ఉంచుకో" అన్నాను.

"ఏ చేతిలో మావయ్యా?" అని రెండు చేతులూ చాపింది.

నవ్వొచ్చినా, ప్రశ్న న్యాయమైనదే. వాళ్ళింట్లో పూతరేకుల్ని డబ్బాకి పది చొప్పున సర్దేది ఆ పాపే. అందుకని ఖాళీ డబ్బాలూ, చింతపిక్కలూ తెచ్చాం. 28 అంటే రెండు నిండు డబ్బాలు, ఎనిమిది విడి పిక్కలు. 17 అంటే ఒక డబ్బా, ఏడు విడివి. నేనేం చెప్పకుండానే ఏడులోంచి రెండు తీసి ఎనిమిది పక్కన పెట్టి, డబ్బా మూసేసింది. నాలుగు డబ్బాలు, ఐదు విడివి. నలభై ఐదు! చేతిలో ఉన్నది ఒకటి కాదు, ఒక డబ్బా. అందుకే అది డబ్బాల వరుసలోకి వెళ్తుంది.

1985లో బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో సరుకులమ్మే పిల్లల మీద ఒక అధ్యయనం వచ్చింది. కాయ 35 అయితే పది కొబ్బరికాయలు ఎంత అని అడిగితే ఒక కుర్రాడు మూడు కాయలు 105, ఆరు 210, తొమ్మిది 315, ఇంకోటి కలిపితే 350 అని చెప్పాడు. ఆ పిల్లలే కాగితం మీద లెక్కలిస్తే చాలా ఎక్కువ తప్పులు చేశారు. మా కోనసీమ కొబ్బరి తోటల మధ్య కూర్చుని అది చదివితే ఎక్కడో బ్రెజిల్ సంగతి అనిపించలేదు.

పిల్లలకి లెక్క రాదని మనం తేలిగ్గా అనేస్తాం. చాలాసార్లు లెక్క వాళ్ళ చేతుల్లో ఉంటుంది, కాగితం మీదికి దారే తెలీదు. ఆ దారి చూపించడానికి బీటెక్ అక్కర్లేదు, గుప్పెడు పిక్కలు చాలు.

నేను హాస్టల్‌కి బయల్దేరే ముందురోజు పాప పొద్దుటి 180 రేకులకి సాయంత్రం 145 కూడి, 325 అని రాసింది. పది డబ్బాలు ఒక పెట్టె అని తనే పేరు పెట్టుకుంది. అక్క ఆ పుస్తకాన్ని పొయ్యికి దూరంగా, దేవుడి గూట్లో పెట్టింది.